ఖాళీ పేజీ కింద వేలిముద్రలు

2023లో నేను పెనుకొండకూ ధర్మవరానికీ మధ్యనున్న ఒక పల్లెలో పంచాయతీ కార్యదర్శిగా పనిచేస్తున్నాను. ఊరి పేరు రాయను. అక్కడివాళ్లు చదివితే వాళ్లకే తెలిసిపోతుంది, మిగతావాళ్లకు తెలిసి ప్రయోజనం లేదు. మా ఇల్లు ధర్మవరంలో. మగ్గాల ఇంట్లో పుట్టి మగ్గం ఎక్కకుండా గవర్నమెంటు కుర్చీ ఎక్కానని మా అమ్మకు మహా గర్వం. ఆ కుర్చీని ఆమె చూడలేదు కాబట్టి సరిపోయింది. దానికి ఒక కాలు పొట్టి, కింద ఇటుక ముక్క పెట్టుకుని కూర్చునేదాన్ని.

పంచాయతీ సెక్రటరీ అంటే ఏం పని చేస్తారని చాలామంది అడుగుతుంటారు. బోరు మోటారు కాలిపోతే మమ్మల్నే పిలుస్తారు, వీధిలైటు వెలగకపోయినా మమ్మల్నే, కుక్క కరిచినా మమ్మల్నే. ఇవి పైకి కనిపించే పనులు. కనిపించని పని ఇంకొకటుంది, అసలు ఉద్యోగం అదే. మా దగ్గర రిజల్యూషన్ బుక్ అని ఒక పెద్ద రిజిస్టరు ఉంటుంది, అంటే తీర్మానాల పుస్తకం. గ్రామసభలో ఊరు దేనికి ఒప్పుకుందో, దేన్ని వద్దందో అందులో రాసి, కింద సభకు వచ్చినవాళ్ల సంతకాలు, వేలిముద్రలు తీసుకోవాలి. పైఆఫీసులకు అదే ఊరి మాట. వాళ్లెవరూ వచ్చి ఇల్లిల్లూ తిరిగి అడగరు, ఆ పేజీ జిరాక్సు చూసుకుంటారు.

ఇక్కడ మా వృత్తి గుట్టు ఒకటి విప్పాలి. మాలో చాలామందిమి సంతకాలు ముందు తీసుకుని, తీర్మానం తర్వాత తీరిగ్గా రాసుకుంటాం. జనానికి పనులుంటాయి. నేను వివరంగా రాసి, చదివి వినిపించి, సంతకాలకు రమ్మని పిలిచేసరికి అక్కడ నేనూ మైకూ మిగులుతాం. కోరం అని ఒకటుంది, సభ చెల్లాలంటే కనీసం ఇంతమంది హాజరు కావాలని లెక్క. అది లేకపోతే సభ జరగనట్టే. అందుకని మనిషి రాగానే చేతికి పెన్ను ఇచ్చేస్తాం. నేను ఇంకో అడుగు ముందుకు వేశాను. తీర్మానం పొడుగైతే ఎట్లా అని, ఖాళీగా ఉన్న రెండో పేజీ కింద కూడా అందరితో పెట్టించేదాన్ని. ఈ పద్ధతి నాకు నేర్పింది ఒక సీనియర్. తప్పని ఏనాడూ అనిపించలేదు, పైగా నా తెలివికి నేనే మురిసిపోయేదాన్ని.

ఆ ఊరికి దగ్గర్లోనే చిన్న ఏర్‌పోర్టు ఉండేది. ఎప్పుడో ఒక చిన్న విమానం దిగితే పిల్లలు బళ్లోంచి బయటికొచ్చి చూసేవారు. దాని రన్‌వే పొడిగిస్తారని ఆ ఏడు గట్టిగా వినిపించింది. సర్వేవాళ్లు వచ్చి ఊరి మేతబీడులో ఎర్ర రంగు పూసిన కొయ్య గూటాలు కొట్టిపోయారు. మేతబీడును రికార్డుల్లో మేత పోరంబోకు అంటారు. అది ఎవరి పట్టా భూమీ కాదు, ఊరందరి జీవాలూ మేసే నేల. దాని మధ్యలో ఒక కుంట. ఎండలు ముదిరినా అడుగున కాసిన్ని నీళ్లు మిగిలే కుంట ఆ చుట్టుపక్కల అదొక్కటే. ఊళ్లో సగం ఇళ్లు గొర్రెల మీద బతుకుతాయి. పట్టా పొలం పోతే పరిహారం వస్తుంది. బీడు పోతే గొర్రెలవాళ్లకు ఒక్క పైసా రాదు, కాగితం ప్రకారం అక్కడ వాళ్లది ఏమీ లేదు. భూమి పంచాయతీ చేతిలో ఉంది కాబట్టి, అభ్యంతరం లేదని గ్రామసభ తీర్మానం పంపమని మాకు లెటరు వచ్చింది.

సర్పంచి పేరు భాగ్యమ్మ. హిందూపురం దాటాక కన్నడ సరిహద్దులో ఉన్న పల్లె నుంచి కోడలిగా వచ్చిన మనిషి. సీటు మహిళలకు రిజర్వు కావడంతో ఆమెను నిలబెట్టారు. పనులన్నీ భర్త తిప్పేస్వామి చూసేవాడు. ఆయన వేలు పెట్టి చూపించిన చోట ఆమె సంతకం చేసేది. తిప్పేస్వామి దుర్మార్గుడని రాస్తే నాకు పాపం తగులుతుంది. ఊరికి నీళ్ల ట్యాంకు తెప్పించడానికి ఆయన పెనుకొండకు ఎన్నిసార్లు తిరిగాడో నాకు తెలుసు. ఏర్‌పోర్టు పెద్దదైతే పిల్లలకు ఉద్యోగాలు వస్తాయని, ఊరు బాగుపడుతుందని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. కాకపోతే మనిషికి ఆత్రం ఎక్కువ.

ఒక సాయంత్రం ఆయన టైపు చేయించిన కాగితం ఒకటి తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. మేత పోరంబోకును అప్పగించడానికి గ్రామస్తులందరూ ఏకగ్రీవంగా సమ్మతించారని అందులో ఉంది. దీనికి సభ పెట్టాలి కదన్నా అన్నాను.

"సభ అయిపోయింది కదా మేడం. మొన్న ఉపాధి పనుల సభలో రెండో పేజీ ఖాళీగా ఉండాది, అందరి సంతకాలూ ఉండాయి. దీన్ని ఆడ ఎక్కించేయి. మళ్లీ టాంటాం ఏపించి, అందరినీ పిలిచి, ఈ రచ్చంతా ఎందుకు?"

ఖాళీ పేజీ సంగతి ఆయనకు తెలియకుండా ఎట్లా ఉంటుంది? ఆ రోజు జనాన్ని వరసలో నిలబెట్టి సంతకాలు చేయించింది ఆయనే. బస్సుకు టైమైంది, రేపు రాస్తానని చెప్పి లేచాను. మనస్సాక్షి అడ్డుపడిందని రాసుకుంటే చదవడానికి బాగుంటుంది గానీ నిజం అది కాదు. ధర్మవరం చేరేదాకా బస్సులో నేను ఆలోచించింది ఒకటే, అంత పొడుగు తీర్మానం ఆ పేజీలో పడుతుందా, అక్షరాలు చిన్నవి చేయాలా అని.

మరునాడు తొమ్మిదింటికి ఆఫీసు తాళం తీస్తుంటే మెట్ల ముందు గొర్రెల మంద నిలబడి ఉంది. మందతో పాటు ఓబుళమ్మవ్వ. డెబ్బై ఏళ్లు దాటి ఉంటాయి. మొగుడు పోయినప్పటి నుంచి ఆ మందను తనే తోలుకుని తిరుగుతుంది. ముందు రోజు పెనుకొండలో గొర్రెల బేరగాడు ఒకడు ఆమెకు చెప్పాడట, మీ పంచాయతీ బీడు ఇచ్చేసిందంట కదా, మంద ఇప్పుడే అమ్ముకో, తర్వాత ఈ ధర పలకదని. తిప్పేస్వామి నోట్లోంచి జారిన మాట అక్కడిదాకా పోయినట్టుంది. అవ్వ నేరుగా లోపలికొచ్చి, సభలో తను పెట్టిన వేలిముద్ర యాడుందో చూపించమంది.

పుస్తకం చూసే హక్కు ఊళ్లో ఎవరికైనా ఉంది. తీసి చూపించాను. మొదటి పేజీలో ఉపాధి పనుల తీర్మానం మొత్తం చదివి, కింద ఆమె వేలిముద్ర చూపించాను. తలూపింది.

"ఇది సరే. ఆ పొద్దు నాతో రెండుసార్లు పెట్టిస్తివి. రెండోది యాడ?"

అన్ని సభలు జరిపాను గానీ ఎన్నిసార్లు వేలు పెట్టాననే లెక్క గుర్తుంచుకున్న మనిషి నాకు తగల్లేదు. రెండోసారి సిరా ఎక్కువై, సాయంత్రం దాకా తలకు తుడుచుకున్నా పోలేదట, అందుకని గుర్తుందట. చేసేది లేక పేజీ తిప్పాను. కింద వరసగా సంతకాలు, నీలం రంగు వేలిముద్రలు. పైనంతా ఖాళీ. చదువురాని మనిషే, కానీ అక్కడ చదవడానికి ఏమీ లేదని తెలుసుకోడానికి చదువెందుకు?

"ఏమీ రాయలేదే."

"రాయలేదవ్వా."

"మరి దేనికి పెట్టించుకుంటివి?"

ఏదో ఒకటి చెప్పి పంపేయొచ్చు, అట్లా చెప్పి పంపడం మాకు అలవాటే. ఆ రోజు ఎందుకో చేత కాలేదు. మా పద్ధతి మొదలుకుని తిప్పేస్వామి తెచ్చిన కాగితం దాకా అంతా చెప్పేశాను. ఆ కాగితం కూడా చదివి వినిపించాను. అవ్వ కింద కూర్చుని మొత్తం విన్నది. తిడుతుందని కాచుకుని ఉన్నాను. తిట్టలేదు.

"నా బీడు నాకు తెలవకుండా, నా చేతనే ఇప్పించబోతివి" అంది. మళ్లీ అంది, "నాకు రాసేది రాదు. నీకు వచ్చు కదా తల్లీ. ఈడ ఇంకెవురూ ఏమీ రాయకుండా ఏమన్నా చెయ్యి."

చేయడానికి ఉంది. రిజిస్టర్లో ఖాళీ పేజీ మిగిలిపోతే పై మూల నుంచి కింది మూలకు అడ్డంగా గీత కొట్టి, రద్దు అని రాసి, సంతకం చేసి, తేదీ వేసి, సీలు గుద్దాలి. ట్రైనింగులో మొదటి వారమే చెప్పారు. అన్నేళ్ల సర్వీసులో నేను ఒక్కసారీ చేయలేదు. స్కేలు పెట్టి గీశాను, అయినా స్కేలు జారి గీత మధ్యలో వంకర పోయింది. ఓబుళమ్మవ్వ సమక్షంలో రద్దు చేశానని కూడా రాశాను. సీలు గుద్దాక, ఇంక రాసే దానికి వీలు కాదా అని అడిగింది. కాదన్నాను. ఇంకోసారి అడిగింది. కాదవ్వా, నేను కూడా రాయలేను అన్నాను. అప్పుడు లేచి గొర్రెలను అదిలించుకుంటూ పోయింది.

పదకొండింటికి తిప్పేస్వామి వచ్చాడు. పేజీ చూసి అరుస్తాడనుకుంటే అరవలేదు, దాంతో నాకు ఇంకా భయమేసింది. ఊరి బాగుకు అడ్డగీత కొట్టినావు మేడం అన్నాడు. సంతకాలున్న పేజీని పాడుచేసినావని పైకి రాస్తాననీ, మడకశిర అవతల ఏదో మూలకు పంపిస్తే అప్పుడు తెలిసొస్తుందనీ చెప్పి వెళ్లిపోయాడు. ఉత్త బెదిరింపు కాదు, ఆయనకు పైన తెలిసినవాళ్లున్నారు. మడకశిర అంటే రోజూ పోయివచ్చే దూరం కాదు, ఇంట్లో మంచాన ఉన్న అమ్మను ఎవరు చూడాలి? అన్నం క్యారియరు విప్పలేదు. ఆయన ఫిర్యాదు చేరకముందే నేనే చెప్పుకోవాలని మధ్యాహ్నం బస్సెక్కి పెనుకొండ పోయాను, ఎంపీడీవో గారి దగ్గరికి. మండలంలోని పంచాయతీలన్నిటికీ పైఅధికారి ఆయన.

పుస్తకం ముందు పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఇట్లాంటి ఖాళీ పేజీలు ఇంకెన్ని ఉన్నాయని అడిగారు. చాలా ఉన్నాయి సార్ అన్నాను. కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టి, ఆ తర్వాత పావుగంట సేపు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. బయట బెంచీ మీద ఉన్నవాళ్లంతా విన్నారు. చివరికి మెమో ఇచ్చారు, అంటే రాతపూర్వకమైన హెచ్చరిక.

"నీ అంతట నువ్వు వచ్చి చెప్పినావు కాబట్టి మెమోతో పోయింది. ఆ పేజీ నిండి ఉంటే నిన్ను నేను కూడా కాపాడలేకపోయేవాణ్ణి. పోయి సరిగ్గా సభ పెట్టమ్మా. ఊరు ఏమంటే అది రాసి పంపు."

తిట్లు తిని, మెమో పట్టుకుని, అంత తేలిగ్గా బస్సెక్కడం నా జీవితంలో అదొక్కసారే.

అయితే తేలికపడింది నా ఉద్యోగమే, బీడు కాదు. టాంటాం వేయించి, నోటీసు అంటించి, వారం గడువిచ్చి సభ పెట్టాం. ఆ వారమంతా తిప్పేస్వామి ఇల్లిల్లూ తిరిగాడు. రోడ్డు పక్క పట్టా ఉన్నవాళ్లు ఆయన వైపు. గొర్రెలవాళ్లు ఇంకోవైపు. ఎటూ కానివాళ్లే ఎక్కువ, పిల్లలకు ఉద్యోగమంటే ఎవరు వద్దంటారు? ఊరు నిజంగానే ఒప్పుకుంటే ఒప్పుకున్నట్టే నేను రాయాలి. నా వంకర గీత వల్ల బీడు నిలవదు, ఒక వారం ఆలస్యమవుతుంది, అంతే. ఆ వారం రోజులూ ఓబుళమ్మవ్వకు ఎదురుపడకుండా తప్పించుకు తిరిగాను.

సభ బడి ఆవరణలో జరిగింది. రూలు ప్రకారం సభకు అధ్యక్షత సర్పంచిది. మామూలుగా ఆ కుర్చీలో తిప్పేస్వామి కూర్చునేవాడు, భాగ్యమ్మ ఆడవాళ్లతో కింద కూర్చునేది. మెమో నా హ్యాండ్‌బ్యాగులో ఇంకా వేడిగానే ఉంది కాబట్టి ఈసారి నేను రూలు పట్టుకున్నాను. మధ్య కుర్చీలో ఆమెను కూర్చోబెట్టాను. మొహమాటపడుతూ అంచు మీద కూర్చుంది.

తిప్పేస్వామి బాగా మాట్లాడాడు. చప్పట్లు కూడా పడ్డాయి. ఓబుళమ్మవ్వ లేచి, కుంట పూడ్చినాక గొర్లు యాడ తాగల్లని అడిగింది. బోరు వేసి తొట్టి కట్టిస్తామన్నాడు. ఊళ్లో బోర్లే ఎండాకాలం నీళ్లు ఎత్తుకోవు, బీడులో ఏం ఎత్తుకుంటాయని వెనకనుంచి ఎవరో అన్నారు. దాంతో ఇరువైపులా మాటలు లేచాయి. కాసేపటికి ఎవరి మాటా ఎవరికీ వినిపించలేదు. ముగించే ముందు అధ్యక్షుల అభిప్రాయం అడగాలి కాబట్టి భాగ్యమ్మను అడిగాను. మొగుడి వైపు చూసి ఆయన మాటే చెబుతుందనుకున్నాను. చూసింది కూడా. తర్వాత తలదించుకుని, చీర కొంగు అంచును వేళ్లతో సర్దుకుంటూ మాట్లాడింది.

"మా పుట్టినూర్లో ఫ్యాక్టరీ వస్తాదని ఊరి బీడు ఇచ్చేసినారు. పట్టా ఉన్నోళ్లకు దుడ్లు వచ్చినాయి. మాకు గొర్లు ఉండె, పట్టా లేదు. మా నాయన ఆ ఏడే మందంతా అమ్మేసె. ఇప్పుడు అదే గేటుకాడ రోజుకూలీకి నిలబడతాడు, పిలిస్తే పోతాడు, లేకుంటే ఇంటికొస్తాడు. నేనే సర్పంచిగా ఉండి, ఈడ గొర్లున్నోళ్లకు ఆ గతి పట్టిస్తే, మా నాయనకు నా మొగం యెట్ల చూపించేది?"

చిన్న గొంతు, మైకు కూడా దగ్గరికి లాక్కోలేదు. అయినా అందరికీ వినిపించింది. అప్పుడు తలెత్తి భర్తతో అంది, "నువ్వు ట్యాంకు తెచ్చినావు, ఊరికి మంచి చేసినావు. ఇది మాత్రం వద్దు."

తిప్పేస్వామి, పెళ్లాం పదిమందిలో కాదన్నదని లేచి పోతాడేమోనని నాకు లోపల బెదురు. పోలేదు. ఆమె నాయన గేటు దగ్గర నిలబడటం ఆయన కళ్లతో చూసినవాడే కదా.

"రాయి మేడం" అన్నాడు చివరికి. "ఏర్‌పోర్టు వద్దని రాయద్దు. అవతలి పక్క రాళ్ల గుట్ట ఉండాది, పొడిగించేదైతే ఆ పక్కకు పొడిగించుకోమని రాయి. బీడు, కుంట మాత్రం ఇయ్యము అని రాయి."

అక్కడే, అందరి ముందూ రాశాను. అరగంట పైనే పట్టింది. అంతసేపు జనం కదలకుండా కూర్చోవడం నేను ఎరగను. రెండుసార్లు చదివి వినిపించాను. ఓబుళమ్మవ్వ కోసం మూడోసారి చదివాను. కుంట మాట రాసినావా అని అడిగి, అది ఉన్న వరస చూపించమని, అప్పుడు వేలు ముందుకు చాపింది. పేజీ కింద మొదటి సంతకం భాగ్యమ్మది. ఈసారి ఎక్కడ పెట్టాలో ఎవరూ చూపించలేదు.

తీర్మానం పంపాక నెలలు గడిచాయి. ఏ కవరు వచ్చినా భయంగా చింపేదాన్ని. చివరికి వచ్చింది. ప్రతిపాదన మార్చామని, మా మేతబీడు సర్వే నంబరును జాబితా నుంచి తొలగించామని, రెండో వైపు భూమిని పరిశీలిస్తున్నామని. నాలుగు ముక్కల లెటరు. నాలుగుసార్లు చదివాను. గదిలో ఒక్కదాన్నే ఉండి గట్టిగా నవ్వేశాను, వెంటనే ఏడుపొచ్చింది. భాగ్యమ్మకు ఫోను చేస్తే అవతల తిప్పేస్వామి ఎత్తాడు. విని, అబ్బ అని ఒక నిట్టూర్పు విడిచి, పోనీలే మేడం, ఇంట్లో నాకు అన్నమన్నా పుడుతుంది అన్నాడు.

ఓబుళమ్మవ్వకు ఫోన్ లేదు. ఎండలో పడి బీడుకు నడిచి పోయాను. కుంట గట్టున కూర్చుని ఉంది. సర్వేవాళ్ల ఎర్ర గూటానికి ఒక గొర్రెపిల్లను కట్టేసింది. లెటరు మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాను.

"ఇంక మళ్లీ యాడన్నా వేలు పెట్టల్లనా?" అంది.

"అక్కర్లేదవ్వా. అయిపోయింది."

"అయితే మంచిది. కూసో తల్లీ, ఎండలో వస్తివి" అని తన నీళ్ల బాటిలు నా చేతికిచ్చింది. సగం తాగేశాను. అంత తీయటి నీళ్లు నేను ఆ ఊళ్లో ఎప్పుడూ తాగలేదు.

ఆ తర్వాత ఒక ఆదివారమంతా ఆఫీసులో కూర్చుని, నా పుస్తకాల్లో ఉన్న ఖాళీ పేజీలన్నిటికీ గీతలు కొట్టాను. ఇప్పుడు వేరే ఊళ్లో పనిచేస్తున్నాను. ముందు రాస్తాను, చదువుతాను, తర్వాతే సంతకాలు. ఈ మేడం సభ ఒక పట్టాన వదలదని జనం విసుక్కుంటారు, విసుక్కోనీ. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు సలహా అడిగితే ఈ కథే చెబుతాను. చివర్లో వాళ్లు నన్ను మెచ్చుకోబోతారు. ఆగండమ్మా అంటాను. ఆ పొద్దు అవ్వ మధ్యాహ్నం వచ్చి ఉంటే పేజీ నిండిపోయి ఉండేది. చదివి వినిపించమంటే, అందరూ ఒప్పుకున్నారవ్వా అని తలవంచుకుని చదివి కూడా ఉండేదాన్ని. గొర్రెలను మేతకు తోలుకుపోయే వేళ కాబట్టి తొమ్మిదింటికే వచ్చింది. అప్పటికి నేనింకా పెన్ను మూత తీయలేదు.